మూడు లెక్కపెట్టేలోగా

కుక్కపిల్ల మా ఇంటికి వచ్చిన పూటే నా డ్యూటీ బూటులో ఉచ్చ పోసింది. పొరపాటున పోసిందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. గుమ్మం దగ్గర నాలుగు జతల చెప్పులుంటే, అన్నిటినీ వాసన చూసి, ఏరి కోరి నా బూటునే ఎంచుకుంది.

దాన్ని తెచ్చింది మా బావమరిది. బిస్కెట్ల అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పొడిచి అందులో పెట్టుకొచ్చాడు. ఫ్యాక్టరీ వెనక పాత మిషన్ల షెడ్డులో ఎవరో వదిలేసి పోయారట. రెండు అరచేతుల్లో ఇమిడిపోయే ప్రాణి. తెల్ల ఒళ్ళు, నల్ల గుండీలాంటి ముక్కు. మా అమ్మాయి చూసీ చూడగానే "గుండీ" అని పేరు పెట్టేసింది. పొద్దస్తమానం బట్టలు కుట్టే తల్లి ఉన్న ఇంట్లో పిల్లకి ఇలాంటి పేర్లే తడతాయి. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. ఒక్క చోట కాలు నిలవదు కాబట్టి అందరం పిడుగనే పిలిచేవాళ్ళం.

నేనూ బావమరిదీ ఒకే బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. అతను లోపల ఓవెన్ దగ్గర, నేను బయట గేటు దగ్గర. కార్లకి సెల్యూట్ కొట్టడం, సాయంత్రం పనివాళ్ళ డబ్బాలు తెరిపించి బిస్కెట్లు దాచుకుపోతున్నారేమో చూడటం, పదకొండేళ్ళుగా ఇదీ నా ఉద్యోగం. చేతిలో లాఠీ ఉండేది కానీ, అప్పటిదాకా దానితో నేను చేసిన ఘనకార్యం గేటు దగ్గర చేరిన పిల్లుల్ని అదిలించడమే.

గుండీకి బుద్ధి చెప్పే పని మొదట నేనే నెత్తిన వేసుకున్నాను. గచ్చు మీద పోస్తే మెడ పట్టుకుని ముక్కు దాంట్లో రాసి, చెప్పుతో నాలుగు తగిలించేవాణ్ణి. మా నాన్న నాకు అక్షరాలు నేర్పింది ఈ పద్ధతిలోనే. దండం దశగుణం భవేత్ అనేవాడు. ఆ ముక్కకి అర్థం తెలియకముందే నా వీపుకి తెలుసు.

వారం రోజులైంది. గుండీ గచ్చు మీద పోయడం మానేసి మంచం కింద పోయడం మొదలుపెట్టింది. రెండో వారంలో ఒకసారి నేను కాలితో తంతే గోడకి కొట్టుకుని, కాసేపు మూడు కాళ్ళ మీద నడిచింది. ఆ సాయంత్రం భోజనానికి వచ్చిన బావమరిది అది చూశాడు. అతను రెండు వీధుల అవతల ఒక్క గదిలో ఉండేవాడు. పెళ్ళి కాలేదు కనక రాత్రి భోజనం మా ఇంట్లోనే.

"బావా, కొడితే దానికి ఏం తెలుస్తుందనుకున్నావు? ఇక్కడ పోయకూడదని కాదు, నీ కళ్ళ ముందు పోయకూడదని తెలుస్తుంది. అంతే."

"అయితే బతిమాలమంటావా?"

"బతిమాలక్కర్లేదు. తిన్నాక, నిద్ర లేవగానే, ఆడి అలిసిపోగానే పెరట్లోకి తీసుకెళ్ళి నిలబడు. అది పోసిందా, మూడు లెక్కపెట్టేలోగా గోరంత బిస్కెట్ ముక్క నోట్లో పెట్టి శెభాష్ అను. మూడు దాటితే దండగ. లోపలికొచ్చాక ఇచ్చావనుకో, లోపలికొచ్చినందుకు ఇచ్చాడనుకుంటుంది."

"ఈ శాస్త్రం ఎక్కడ చదివావురా?"

"ఓవెన్ దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పేది నేనే కదా బావా. తిట్టి నేర్పితే ట్రే మాడ్చేసి దాచేస్తారు. మెచ్చుకుని నేర్పితే మాడిన ట్రే తెచ్చి చూపిస్తారు."

పిడుగు ఈ మాటలన్నీ నోరు తెరుచుకుని వింది. మర్నాడే మా ఆవిడ దాని గౌనుకి కుడివైపు ఒక చిన్న జేబు కుట్టిపెట్టింది. అందులో విరిగిన బిస్కెట్ ముక్కలు. ఆ పిల్ల కుక్క వెనకాలే పెరట్లోకి పరిగెత్తడం, అది కాలవ పక్కన కూర్చోగానే ఊపిరి బిగబట్టడం, అయిపోగానే ఒకటి రెండు అని లెక్కపెడుతూ ముక్క నోట్లో కుక్కి శెభాష్ అని అరవడం. ఇరుగు పొరుగువాళ్ళు ఆ కేకకి అలవాటు పడిపోయారు. పన్నెండు రోజుల్లో ఇల్లు పొడిగా అయింది.

నా దగ్గర తప్ప. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే గుండీ పాక్కుంటూ వచ్చి, వెల్లకిలా పడి, నా కాళ్ళ ముందే పోసేది. చెప్పు దెబ్బల బాకీ అది. నాకూ జాలేసింది. మరీ అంత కసాయివాణ్ణి కాదని చూపించుకోవాలి కదా, అందుకని ఆ తడిలోనే కూర్చుని జేబులోంచి ఓ బిస్కెట్ ముక్క తీసి పెట్టేవాణ్ణి. ఒక రోజు అది చూసి బావమరిది పగలబడి నవ్వాడు.

"దానికి నువ్వేం నేర్పుతున్నావో తెలుస్తోందా బావా? నీ కాళ్ళ దగ్గర పోస్తే బిస్కెట్ వస్తుందని. భయంతో మొదలెట్టింది, ఇప్పుడు జీతం తీసుకుని పోస్తోంది."

అందరం నవ్వుకున్నాం. ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరం కలిసి నవ్విన ఆఖరి రోజు అదే.

ఓవెన్ల దగ్గర ఎండాకాలం ఎలా ఉంటుందో గేటు దగ్గర నీడలో నిలబడేవాడికి తెలియదు. ఆ వారంలో ఇద్దరు స్పృహ తప్పి పడిపోయారు. అందులో ఒకతని చెయ్యి వేడి ట్రే మీద పడి, తోలు ట్రేకే అంటుకుపోయింది. పెద్ద ఫ్యాన్లు పెట్టండి, మధ్యలో పావుగంట బయటి గాలికి పంపండి అని పనివాళ్ళు అడిగారు. చూద్దామన్నారు పైవాళ్ళు. చూద్దామంటే ఏమిటో అందరికీ తెలుసు. సమ్మె మొదలైంది.

దానికి ముందు రోజు బావమరిది మా ఇంట్లో చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "రేపట్నుంచి నువ్వు గేటుకి అటు, నేను ఇటు. నన్ను చూసి మొహం తిప్పుకోకు బావా."

"నీ పని నీది, నా పని నాది. మొహం ఎందుకు తిప్పుకుంటాను?" అన్నాను. నిజంగానే అనుకుని అన్నాను.

రెండో రోజున కంపెనీ మా గేటు గార్డుల మీద కొత్త సెక్యూరిటీ ఆఫీసర్ని దింపింది. మనిషి కంటే ముందు మీసాలు వచ్చేవి. మేం మీసాలాయన అనుకునేవాళ్ళం. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఒక్క తిట్టు లేదు, ఒక్క బెదిరింపు లేదు. ఆయన దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాల్సిందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆరో రోజు పిండి లారీ లోపలికి రావాలి. తూకం పెద్దాయన లారీ చక్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అరవై దగ్గరపడిన మనిషి. పిండి బస్తాలు తూచడం ఆయన పని. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున "ఏరా అబ్బాయ్, బాగున్నావా" అని పలకరించి లోపలికి వెళ్ళేవాడు. మీసాలాయన నా భుజం మీద చెయ్యి వేసి, "లేపండి" అన్నాడు. అంతే.

నేను లేవమన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఎక్కడో తగిలింది. వీపు మీద రెండు వేశాను. చప్పుడు పిండి బస్తా మీద కొట్టినట్టుగా వచ్చింది. ఆయన తల తిప్పాడు, మూడోది చెవి మీద పడింది. చెవి తమ్మె చీలి వేలాడింది. రక్తం మెడ మీదుగా చొక్కాలోకి దిగుతుంటే ఆయన చేత్తో తడుముకుని, వేళ్ళు చూసుకుని, మళ్ళీ నన్ను చూశాడు. అప్పుడు కూడా "ఏరా అబ్బాయ్" అనే అన్నాడు, తర్వాతి మాట రాలేదు. మావాళ్ళు నలుగురు పట్టుకుని ఈడ్చేశారు. లారీ లోపలికి వచ్చింది.

నేను గేటు పక్కకి పోయి గోడ పట్టుకున్నాను. చేతులు ఒకటే వణుకు. వాంతి గొంతు దాకా వచ్చింది. అప్పుడు నా చేతిలో వేడి వేడిగా ఏదో పడింది. కాల్చిన కోడి, సగం, వెండి రంగు కాగితంలో చుట్టి ఉంది. మీసాలాయన. "శెభాష్. చల్లారకముందే ఇంటికి తీసుకెళ్ళు, పాపకి పెట్టు." మిరియాల వాసన గుప్పుమంది. కక్కొస్తున్న నోట్లోనే నీళ్ళూరాయి. నా నోటికి సిగ్గు లేదని ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత వరస కుదిరింది. కొట్టిన రోజు పొట్లం. కొట్టని రోజు పొట్లం లేదు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు, మాకే తెలిసిపోయింది. ఎంత గొడవైనా లాఠీ కింద పెట్టేలోగా పొట్లం చేతిలో పడేది. సమ్మెవాళ్ళేం తక్కువ తిన్నారా? రాళ్ళు విసిరారు. మాలో ఒకడికి ముందుపళ్ళు మూడు ఊడాయి. నాకు కనుబొమ్మ చిట్లింది. ఆ కోపం మాకు బాగా పనికొచ్చింది. ప్యాకింగులో పనిచేసే ఒకావిణ్ణి మావాడు జుట్టు పట్టి కంకర మీద ఈడ్చాడు. ఒక కుర్రవాడి మోకాలి మీద నేనే కొట్టాను, ఎండు కట్టె విరిగిన శబ్దం వచ్చింది. వాంతి రావడం మూడో రోజుకే ఆగిపోయింది. వణుకు ఐదో రోజుకి. ఆ తర్వాత లాఠీ ఎత్తినప్పుడే ఆకలేసేది.

బావమరిది భోజనానికి రావడం మానేశాడు. గుండీ మాత్రం మానలేదు. నేను గుమ్మంలోకి రాగానే పాక్కుంటూ వచ్చి, పోసి, నా జేబు వైపు చూసేది.

మొదటి మూడు పొట్లాలూ మా ఆవిడ విప్పి పిడుక్కి పెట్టింది. తను ముట్టుకోలేదు. నాలుగో రోజు మిషను ఆపి, సూది కింద గుడ్డ అలాగే ఉంచి, నా వైపు తిరిగింది.

"పెద్దాయన చెవికి ఏడు కుట్లు పడ్డాయట. ఆ తిండి ఈ ఇంట్లోకి తేకండి."

"తెచ్చింది తిని నోరు మూసుకో."

"నేను తినలేదు. పిల్ల తింటోంది. ఎందుకు తింటున్నామో దానికి తెలియదు."

చెంప మీద కొట్టాను. పదేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. చెయ్యి దానంతటదే లేచింది, దించేటప్పుడు కూడా నన్ను అడగలేదు. తను పడబోయి మిషను పట్టుకుంది. సూది వేలికి దిగింది. కుడుతున్న దిండు గలీబు మీద రక్తం చుక్కలు పడుతుంటే తను వాటినే చూస్తూ నిలబడింది, నన్ను చూడలేదు. పిడుగు కుక్కని ఒళ్ళో పెట్టుకుని మంచం కింద ఉంది. నేను గబగబా బయటికి పోయి, వీధి చివరి కొట్లో మూడు ఐస్‌క్రీములు తెచ్చాను. మా ఆవిడది గిన్నెలో కరిగి నీళ్ళయింది. పిడుగు తనది తిని, తల్లిది కూడా తాగింది.

నాలుగైదు రోజుల తర్వాత, పొద్దున నేను బూట్లు తొడుక్కుంటుంటే పిడుగు పక్కన చేరి లేసులు అందిస్తూ అడిగింది.

"నాన్నా, ఇవాళ కూడా కొడతావా?"

"ఎందుకమ్మా?"

"కొట్టిన రోజేగా కోడి తెస్తావు. బయటివాళ్ళని కొడితే కోడి, అమ్మని కొడితే ఐస్‌క్రీం." కాసేపు ఆలోచించింది. "నాకు కోడే ఇష్టం."

నేను నవ్వాను. పిల్ల తెలివికి ముచ్చటేసింది కూడా. గేటు దగ్గర మావాళ్ళకి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వారు. మీసాలాయన అందరికంటే ఎక్కువ నవ్వి, "పాపని బాగా చదివించు, పైకొస్తుంది" అన్నాడు.

ఆ రోజే బిస్కెట్ల లారీలు బయటికి వెళ్ళాలి. గేటు ముందు రెండొందల మంది. ముందు వరసలో చేతులు చేతులు పెనవేసుకుని ఓవెన్ వాళ్ళు. మీసాలాయన గడియారం చూసుకుని తల ఊపాడు. మేం గేటు తెరిచి వాళ్ళ మీద పడ్డాం.

అలాంటప్పుడు మొహాలు కనబడవు. భుజాలు, మోచేతులు, ఎత్తిన అరచేతులు, అవే కనబడతాయి. నేను కనబడినదాన్నల్లా కొట్టుకుంటూ పోయాను. దుమ్ము, కేకలు, ఎవరి పన్నో నా మణికట్టుకి గుచ్చుకుంది. ఒకడు కింద పడి, తల కాపాడుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి కింద కొట్టాను. వాడు చెయ్యి దించి నా మొహంలోకి చూశాడు.

"బావా, నేను."

విన్నాను. వినలేదని ఆ తర్వాత చాలామందికి చెప్పాను, పోలీసులకీ అదే చెప్పాను, నాకు నేను కూడా చెప్పుకున్నాను. కానీ విన్నాను. గుర్తుపట్టాను కూడా. గుర్తుపట్టాక ఇంకో రెండు కొట్టాను, అదే చెయ్యి మీద, అదే చోట. మొదటి దెబ్బకి బెణికి ఉంటుంది. విరిగింది ఆ రెండింటికే. మోచేతి కింద చెయ్యి ఉండకూడని వైపుకి తిరిగిపోయింది. అతను అరవలేదు. నోరు తెరిచి, తన చేతి వైపు ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూశాడు. వెనకనుంచి జనం తోసుకొస్తే మధ్యలో పడిపోయాడు, నాకు మళ్ళీ కనబడలేదు.

లారీలు వెళ్ళిపోయాయి. లాఠీ ఇంకా నా చేతిలోనే ఉంది, రెండో చేతిలో పొట్లం పడింది. "శెభాష్." ఆ రోజు సగం కాదు, మొత్తం కోడి. నేను పారెయ్యలేదు. ఇల్లు చేరేదాకా చల్లారకుండా చొక్కాకి ఆనించి పట్టుకున్నాను.

పిడుగు కిటికీలోంచి చూసి, గంతులేస్తూ లోపలికి పరిగెత్తింది. "అమ్మా, నాన్న ఇవాళ కూడా కొట్టాడు! పెద్ద పొట్లం!"

మా ఆవిడ మిషను దగ్గర్నుంచి లేచి వచ్చింది. గుండీ నా బూట్ల ముందు వెల్లకిలా పడి, పోసి, జేబు వైపు చూసింది.

"ఎవర్ని?" అంది మా ఆవిడ.

అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. నేను పొట్లం బల్ల మీద పెట్టాను, లాఠీ గోడకి ఆనించాను.

"ఎవర్నండీ?"

"నీ తమ్ముణ్ణి."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లాఠీ తీసుకుంది. దాని బరువు ఎంతో చూస్తున్నట్టు ఒకసారి చేతిలో ఆడించింది. ఆ తర్వాత నా కుడిచేతి మీద కొట్టింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకోటి. భుజం మీద ఇంకోటి. నాలుగోది నుదుటి మీద పడి, మానుతున్న కనుబొమ్మ మళ్ళీ చిట్లింది. ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. రోజంతా కూర్చుని కుట్టే మనిషి చేతుల్లో అంత బలం ఉంటుందని నేననుకోలేదు. రొప్పుతూ అంది.

"ఇప్పుడు నాకేం పెడతారు? చెప్పండి. నేనూ కొట్టాను కదా, నాకేం పెడతారు?"

అయిదో దెబ్బకి ఎత్తిన లాఠీ పైనే ఆగిపోయింది. తను నన్ను చూడటంలేదు. నేనూ మంచిగా ఉన్న కంటితో అటు చూశాను. పిడుగు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడంలేదు, భయపడటంలేదు. తల్లి చేతుల వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది, మళ్ళీ తల్లి చేతుల వైపు చూసింది. అమ్మ ఏం తెస్తుందా అని ఎదురుచూస్తోంది.

మా ఆవిడ లాఠీని చప్పుడు కాకుండా కింద పెట్టింది. గుడ్డల సంచిలో కత్తెర, పిల్ల గౌన్లు రెండు వేసుకుంది. ఒక చంకలో గుండీ, ఇంకో చేత్తో పిడుగు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "మిషను కోసం మనిషిని పంపుతాను" అంది. బల్ల మీద పొట్లం అలాగే ఉంది. మర్నాటికి చీమలు పట్టాయి.

మూడు రోజులు నేను ఎక్కడికీ వెళ్ళలేదు. నాలుగో రోజు యూనిఫాం మడత పెట్టి, లాఠీతో సహా గేటు దగ్గర ఇచ్చేసి వచ్చాను. మీసాలాయన ఆపలేదు. నా స్థానంలో అప్పటికే ఒకణ్ణి నిలబెట్టాడు, వాడి చేతులు ఇంకా వణుకుతున్నాయి. నేను కట్టెల అడితిలో మోత పనికి కుదిరాను.

మిషను కోసం వచ్చిన మనిషితో మా ఆవిడ ఒక మాట చెప్పి పంపింది. "చూడాలనుంటే రమ్మను. వట్టి చేతులతో రమ్మను. తినేది గానీ కొట్టేది గానీ ఏదీ తేవద్దను."

వెళ్ళాను. రెండు వీధుల దూరం, వెళ్ళడానికి ఒక పూట పట్టింది. ఒక్క గది. బావమరిది మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. మోచెయ్యి దాటి పైదాకా కట్టు. మా ఆవిడ కుడుతోంది, తల ఎత్తలేదు. నన్ను చూడగానే గుండీ పాక్కుంటూ వచ్చి నా పాదాల ముందు పోసి, నా జేబు వైపు చూసింది. జేబులో ఏమీ లేదు. కాసేపు చూసి, నా వేళ్ళు వాసన చూసి, వెళ్ళిపోయింది. మూల ఉన్న గుడ్డ తీసుకుని తుడిచాను. ఎవరూ కూర్చోమనలేదు. గుమ్మం పక్కన నేల మీద కూర్చుని, చీకటి పడకముందే వచ్చేశాను.

రోజూ అంతే. అడితి నుంచి అటే వెళ్ళేవాణ్ణి. గుండీ పోసేది, నేను తుడిచేవాణ్ణి. పిడుగు నా చేతుల వైపు చూసి, "ఇవాళ ఎవర్నీ కొట్టలేదా?" అనేది. లేదంటే మొహం చిన్నబుచ్చుకుని ఆటకి పోయేది. ఆ చిన్నబోయిన మొహం కంటే నుదుటి మీద దెబ్బే నయమనిపించేది.

ఈలోగా సమ్మె అయిపోయింది. ఓవెన్ల దగ్గర ఫ్యాన్లు పెట్టారు. తూకం పెద్దాయన తిరిగి పనిలోకి రాలేదు. బావమరిది చెయ్యి ఇక ట్రే పట్టుకోలేదని డాక్టరు చెప్పేశాడు. కట్టు విప్పినా పిడికిలి బిగియదట. ఆ సంగతి నాకు మా ఆవిడ చెప్పలేదు. గుమ్మం దగ్గర కూర్చుని ఉంటే, ఎవరో పరామర్శకి వచ్చినవాళ్ళతో అంటుంటే విన్నాను.

మబ్బు పట్టిన రోజది. ఎండాకాలం పోతోందని అందరూ బయటే ఉన్నారు. నేను వెళ్ళేసరికి గుండీ గుమ్మంలో పడుకుని ఉంది. లేచింది. పాకలేదు, నడిచే వచ్చింది. నా పాదాలు వాసన చూసింది. రంపపు పొట్టు అంటుకుని ఉంది కదా, తుమ్మింది. నేను కదలకుండా నిలబడ్డాను. అది నా కాళ్ళ పక్క నుంచి బయటికి పోయి, కాలవ దగ్గర కూర్చుని పోసి వచ్చింది.

"శెభాష్!" పిడుగు కేక. పరిగెత్తుకెళ్ళి జేబులోంచి ముక్క తీసి దాని నోట్లో పెట్టింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి నా చేతులు పట్టుకుని, ఇటు తిప్పీ అటు తిప్పీ చూసింది.

"ఇవాళ కూడా ఎవర్నీ కొట్టలేదా?"

"లేదమ్మా."

"నిన్న?"

"నిన్నా లేదు. మొన్నా లేదు."

ఈసారి మొహం చిన్నబుచ్చుకోలేదు. నా వైపు చూసింది, గుండీ వైపు చూసింది. పెద్ద లెక్క ఏదో చేస్తున్నట్టు కనుబొమ్మలు ముడిచింది. గౌను జేబులో చెయ్యి పెట్టి, అడుగున వెతికి, గోరంత ముక్క పైకి తీసింది.

"నోరు తెరు నాన్నా."

లోపల మిషను చప్పుడు ఆగింది. మంచం మీద బావమరిది గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు. అన్ని రోజుల్లో నా చెవిన పడేలా అతను మాట్లాడింది అదే మొదటిసారి. అది కూడా నాతో కాదు.

"మూడు ఎప్పుడో దాటిపోయిందే కోడలు పిల్లా. ఇప్పుడిస్తే దండగ."

పిడుగు ముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపి, మామయ్య వీపు వైపు చూసింది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెయ్యి చాపలేదు. అడగడానికి నాకు నోరెక్కడిది?

"అయితే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతాలే మామయ్యా" అంది పిడుగు.

మంచం మీద నుంచి అవుననీ రాలేదు, కాదనీ రాలేదు.

"ఒకటి" అంది నా కూతురు. నేను నోరు తెరిచాను.